బడి కబురు ఇంటికి చేరే దారులు: ఏ బడికి ఏది నప్పుతుంది?

ఏప్రిల్ నెలాఖరు వచ్చేసరికి ప్రైవేటు బడుల కరస్పాండెంట్ల దగ్గరికి యాప్‌లు అమ్మేవాళ్ల రాకపోకలు మొదలవుతాయి. జూన్ 12న బడులు తెరిచేలోపు ఒప్పందం అయిపోవాలని వాళ్ల తొందర. ల్యాప్‌టాప్ తెరిచి హాజరు, మార్కులు, బస్సు ఎక్కడుందో చెప్పే మ్యాపు, ఫీజు రసీదు అన్నీ ఒక్క తెర మీద చకచకా తిప్పి చూపిస్తారు. చూడ్డానికి బాగానే ఉంటుంది. ఆ డెమోలో కనిపించనిది ఒకటుంది. కబురు వెళ్లే వేళకి ఆ ఇంట్లో ఫోను ఎవరి జేబులో ఉంటుందన్నది.

విశాఖలో ఈ ప్రశ్నకి జవాబు పేటపేటకీ మారిపోతుంది. జాలరిపేటలో తండ్రి వేటకి వెళ్తే ఫోనూ ఆయనతోనే సముద్రం మీదికి పోతుంది, తల్లి తెల్లారకముందే ఫిషింగ్ హార్బర్‌లో చేపల పాట దగ్గర ఉంటుంది. గాజువాక, కూర్మన్నపాలెం వైపు స్టీల్‌ప్లాంటు ఇళ్లలో ఆ వారం బీ షిఫ్టు పడితే తండ్రి ఇల్లు చేరేసరికి పిల్లలు నిద్రపోయి ఉంటారు. మధురవాడ అపార్టుమెంట్లలో భార్యాభర్తలిద్దరికీ మంచి ఫోన్లే ఉంటాయి గానీ పగలంతా మీటింగుల్లో సైలెంట్‌లో పడి ఉంటాయి. నేవీ కుటుంబాల్లో చాలామందికి తెలుగు చదవడం రాదు. పెందుర్తి వైపు అమ్మమ్మ దగ్గర ఉండి చదువుకునే పిల్లాడి ఇంట్లో ఉన్నది బటన్ ఫోను ఒక్కటే. ఒకే క్లాసులో ఈ అయిదు రకాల ఇళ్లూ ఉండొచ్చు.

అందుకని ఏది కొనాలో ఆలోచించే ముందు ఒక కాగితం ఇంటింటికీ పంపండి. ఫోను టచ్‌దా, బటన్‌దా? పగలు ఎవరి దగ్గర ఉంటుంది? ఇంట్లో ఏ భాష చదవగలరు, లేక వింటేనే సులువా? ఆ ఫోను ఎత్తకపోతే ఇంకెవరికి చేయాలి? నాలుగు ప్రశ్నలు చాలు. ఒక మెలిక మాత్రం గుర్తుంచుకోండి. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరపడవల వేట నిషేధం. అడ్మిషన్ల రోజుల్లో ఈ కాగితం నింపితే మత్స్యకారుల ఇళ్లలో ‘ఫోను ఇంట్లోనే ఉంటుంది’ అని రాస్తారు, అది నిజం కూడా. జూన్ 15 దాటాక ఆ జవాబు మారిపోతుంది. అక్కడ జూలైలో మరోసారి అడగాలి.

ఎంపికకి నేను పెట్టుకునే కొలత ఇది: అత్యవసర కబురుకి క్లాసులో అందరికంటే తక్కువ సదుపాయం ఉన్న ఇంటిదాకా వెళ్లే దారి, మిగతా వాటికి టీచర్ నెత్తిన తక్కువ పని పెట్టే దారి. ఈ రెంటికీ ఒకే యాప్ సరిపోవడం అరుదు. అలాగని నాలుగు దారులు పెడితే తల్లిదండ్రులు ఏదీ చూడరు.

ముందు కబుర్లను విడదీయాలి

బడి నుంచి వెళ్లేవన్నీ ఒక జాతివి కావు. రేపు సెలవు, బస్సు గంట ఆలస్యం, మీ అమ్మాయికి జ్వరం, వచ్చి తీసుకెళ్లండి: ఇవి అప్పటికప్పుడు చేరాలి. హోంవర్కు, రేపు రంగు చార్టు తేవాలి లాంటివి సాయంత్రానికి చేరితే చాలు. మార్కులు, పిల్లాడి ప్రవర్తన, ఫీజు బకాయి ఆ ఇంటికి తప్ప ఎవరికీ తెలియకూడదు. హాజరు, రసీదులు, ప్రోగ్రెస్ కార్డు లాంటివి రెండేళ్ల తర్వాత అడిగినా దొరకాలి. గొడవలు పుట్టేది వీటిని కలిపేసినచోటే. మూడో రకానిది మొదటి రకం దారిలో వెళ్తే పరువు పోతుంది, మొదటి రకానిది నాలుగో దారిలో వెళ్తే పిల్లలు వానలో గేటు దగ్గర నిలబడతారు.

వాట్సాప్ గ్రూపు

ఇప్పటికే ఉంది, డబ్బు ఖర్చు లేదు, అమ్మకి వాడటం వచ్చు. ఈ మూడు మాటల ముందు ఏ యాప్ వాదనా నిలవదు. ఒక గ్రూపులో 1,024 మంది దాకా ఉండొచ్చు, కాబట్టి క్లాసుకి చోటు సమస్యే లేదు. చిక్కంతా దాన్ని ఎలా నడుపుతున్నారన్న దగ్గర వస్తుంది. అందరూ రాయగలిగే గ్రూపులో పొద్దున్నే గుడ్ మార్నింగ్ పూలబొమ్మలు, పండగ శుభాకాంక్షలు, ఎవరో అమ్మే చీరలు, వాటన్నిటి అడుగున రేపటి పరీక్ష సిలబస్. వెతుక్కోలేక ఒకరు మళ్లీ అడుగుతారు, దానికి పదిమంది జవాబిస్తారు. చివరికి అందరూ గ్రూపుని మ్యూట్ చేసేస్తారు. అక్కడితో గ్రూపు ఉన్నా లేనట్టే.

మందు సులువే. సెట్టింగుల్లో ‘అడ్మిన్లు మాత్రమే మెసేజ్ పంపగలరు’ అన్నది పెట్టేయండి. తల్లిదండ్రులకి అభ్యంతరం ఉంటుంది, మా మాట వినరా అని. వినాలి, అయితే క్లాసు మొత్తం ముందు కాదు. విడిగా రాసేందుకు ఒక నంబరు ఇవ్వండి. ఆ నంబరు టీచర్ సొంతది కాకపోతే ఇంకా మంచిది. చాలామందికి తెలియనిది ఏమిటంటే, వాట్సాప్ బిజినెస్ యాప్‌ని ఆఫీసు ల్యాండ్‌లైన్ నంబరుతోనూ నమోదు చేసుకోవచ్చు, కోడ్ కాల్‌లో చెబుతుంది. దానికి మరో నాలుగు పరికరాలు కలుపుకోవచ్చు కాబట్టి ఆఫీసు కంప్యూటరులో, హెచ్‌ఎం ఫోనులో ఒకేసారి నడుస్తుంది. బడి వేళలు దాటాక వచ్చిన ప్రశ్నకి ‘రేపు ఉదయం జవాబిస్తాం’ అని దానంతటదే చెప్పే ఏర్పాటు కూడా అందులో ఉంది. రాత్రి పదింటికి ఒక్కసారి జవాబిచ్చిన టీచరమ్మకి ఇక ఏ రాత్రీ తనది కాదు. ఆ మాట ఏ టీచర్‌ని అడిగినా చెబుతారు.

గ్రూపులో నంబర్లు అందరికీ కనిపించడం చిన్న విషయం కాదు. ముఖ్యంగా తల్లుల నంబర్లు. దీనికి రెండు దారులు చెబుతారు. మొదటిది బ్రాడ్‌కాస్ట్ లిస్టు: ఒక్కో దానిలో 256 మంది, ఎవరి నంబరూ ఎవరికీ తెలియదు. కానీ పంపే నంబరుని తమ ఫోనులో సేవ్ చేసుకున్నవాళ్లకే ఆ మెసేజ్ వెళ్తుంది. సేవ్ చేసుకోని ఇల్లు ఏదో మీకు తెలిసే దారి లేదు, సరిగ్గా కబురు చేరాల్సిన ఇల్లే అదవుతుంది. రెండోది కమ్యూనిటీ. అందులోని ప్రకటనల గ్రూపులో తల్లిదండ్రుల నంబర్లు అడ్మిన్లకి తప్ప బయటివాళ్లకి కనిపించవు. దాని కింద మళ్లీ క్లాసు గ్రూపులు తెరిస్తే మాత్రం అక్కడ కనిపిస్తాయి. నేనైతే కమ్యూనిటీ పెట్టి ప్రకటనల దగ్గరే ఆపేస్తాను.

ఇంకో రెండు సంగతులు. మీరు పంపిన గ్రూపు మెసేజ్ మీద వేలు నొక్కిపట్టి వివరాలు తెరిస్తే ఎవరు చదివారో, ఎవరికి చేరిందో పేర్లతో సహా కనిపిస్తుంది. తుపాను సెలవు పంపిన గంట తర్వాత ఆ రెండు జాబితాల్లోనూ లేని పేర్లు చూసుకుని ఆ నలుగురికీ ఫోను చేస్తే పని పూర్తవుతుంది. రెండోది వాయిస్ మెసేజ్. చదవడం రాని నాయనమ్మకి పెద్ద టైపు చేసిన నోటీసు కంటే టీచర్ గొంతులో అర నిమిషం మాట ఎంతో మేలు. ఎందుకో మన బడులు దీన్ని చాలా తక్కువ వాడతాయి.

గ్రూపులో ఎన్నడూ పెట్టకూడనివి మాత్రం మార్కుల జాబితా, ఫీజు కట్టనివాళ్ల పేర్లు, అల్లరి చేసిన పిల్లాడి ఫొటో. ‘అందరికీ తెలిస్తే సిగ్గుపడి కడతారు’ అనే కరస్పాండెంట్లు ఇప్పటికీ ఉన్నారు. కట్టరు, టీసీ తీసుకుంటారు.

ఎస్సెమ్మెస్, రికార్డు చేసిన కాల్

పాతదనిపిస్తుంది గానీ బటన్ ఫోనుకి వెళ్లేది ఇదే, డేటా అయిపోయిన టచ్ ఫోనుకి వెళ్లేదీ ఇదే. అయితే దీని నియమాలు తెలియక బడులు చివరి నిమిషంలో ఇరుక్కుంటాయి. టెలికం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2018లో తెచ్చిన నిబంధనల ప్రకారం మూకుమ్మడి మెసేజ్‌లు పంపే సంస్థ డీఎల్‌టీలో, అంటే టెలికం కంపెనీలు నడిపే నమోదు పోర్టల్‌లో, పేరు నమోదు చేసుకోవాలి, పంపే పేరునీ మెసేజ్ నమూనానీ ముందే ఆమోదింపజేసుకోవాలి. అంటే తుపాను హెచ్చరిక వచ్చిన సాయంత్రం కూర్చుని కొత్త వాక్యం రాసి పంపడం కుదరదు. ‘ఫలానా కారణంగా ఫలానా తేదీన బడికి సెలవు’ అని ఖాళీలతో ఒక నమూనా, బస్సు ఆలస్యానికి ఒకటి, ‘వెంటనే ఆఫీసుకి ఫోను చేయండి’ అని ఒకటి జూన్‌లోనే ఆమోదం తెచ్చుకుని ఉంచుకోవాలి. పేరు నమోదు యాప్ అమ్మినవాళ్ల మీద కాక బడి మీదే ఉండేలా చూసుకోండి, రేపు వాళ్లని మార్చినా పేరు మీతోనే ఉంటుంది.

తెలుగులో పంపితే ఇంకో లెక్క. ఇంగ్లీషు మెసేజ్‌కి 160 అక్షరాల దాకా చోటుంటే తెలుగుకి 70 మాత్రమే, దాటితే రెండో మెసేజ్ కింద డబ్బు పడుతుంది. పైగా గుణింతం, వత్తు, పొల్లు అన్నీ విడివిడిగా లెక్కకి వస్తాయి. ‘తుపాను వల్ల రేపు బడికి సెలవు.’ ఈ చిన్న వాక్యానికే 29 అయిపోతాయి. ‘గౌరవనీయులైన తల్లిదండ్రులకు విజ్ఞప్తి’ అని మొదలుపెడితే విషయం రాకముందే సగం చోటు పోతుంది. డబ్బు మిగుల్చుకోడానికి ఇంగ్లీషులో పంపేస్తారు, లేదా తెలుగుని ఇంగ్లీషు అక్షరాల్లో రాస్తారు. రెండూ అమ్మమ్మకి పనికిరావు. రెండు మెసేజ్‌ల ఖర్చు పెట్టినా తెలుగే పంపండి, లేదా రికార్డు చేసిన కాల్ పెట్టండి. కాల్‌కి ఉన్న లోపం, తెలియని నంబరంటే లోన్ల వాళ్లనుకుని జనం ఎత్తరు. మొదటి పేరెంట్స్ మీటింగులోనే ఆ నంబరుని అందరి ఫోన్లలో బడి పేరుతో సేవ్ చేయించాలి.

ఎస్సెమ్మెస్‌తో ఇంకో లాభం ఉంది. తుపాను రోజుల్లో పాత సెలవు ఉత్తర్వుల ఫొటోలు తేదీ మార్చి వాట్సాప్‌లో తిరగడం విశాఖ వాళ్లకి కొత్త కాదు. బడి పేరుతో వచ్చే ఎస్సెమ్మెస్‌ని ఆ తీరున ఫార్వర్డ్ చేసి మోసం చేయడం కష్టం. ‘సెలవు ఎస్సెమ్మెస్‌లోనే వస్తుంది, ఇంకెక్కడ చూసినా నమ్మకండి’ అని ఏడాది మొదట్లోనే చెప్పేస్తే సగం ఫోన్లు తగ్గుతాయి.

అయినా హద్దు ఉంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తాకాక నగరంలో కరెంటూ సెల్ సిగ్నళ్లూ రోజుల తరబడి లేవు. అలాంటప్పుడు ఏ మెసేజూ పనిచేయదు. అందుకే పెద్ద తుపానుకి మెసేజ్ గాలి రాకముందే వెళ్లాలి, అందులో ‘మళ్లీ చెప్పేదాకా బడి ఉండదు’ అన్న మాట ఉండాలి. ఆ తర్వాత గేటు మీద బోర్డూ, పిల్లల్ని తెచ్చే ఆటోవాళ్లూ, ఆయమ్మలూ. ఆటోవాళ్ల నంబర్ల జాబితా ఆఫీసులో కాగితం మీద ఉందా అని ఇవాళే చూడండి.

డబ్బు కట్టి తీసుకునే బడి యాప్

మూడో రకం, నాలుగో రకం కబుర్లకి, అంటే ఆ ఇంటికే తెలియాల్సినవాటికీ, దాచి ఉంచాల్సినవాటికీ దీన్ని మించింది లేదు. మార్కులు ఆ ఇంటికే కనిపిస్తాయి, ఫీజు రసీదు పోదు, ఇద్దరు పిల్లలుంటే ఒకే చోట చూసుకోవచ్చు. బస్సు భీమిలి రోడ్డులో ఎక్కడుందో తెలిస్తే తల్లి ఎండలో నిలబడే పని తప్పుతుంది.

అమ్మేవాళ్లు చెప్పని లోపాలు మాత్రం తక్కువ ధర ఫోన్లలో బయటపడతాయి. బ్యాటరీ ఆదా కోసం ఫోనే ఆ యాప్‌ని నిద్రపుచ్చేస్తుంది, నోటిఫికేషన్ రాదు, తెరిచి చూస్తే తప్ప తెలియదు. మెమరీ నిండిపోయిన ఫోనులో మొదట తీసేసేది బడి యాప్‌నే. లాగిన్ ఓటీపీ తండ్రి నంబరుకి వెళ్తుంది, ఆయన సముద్రం మీదో, డ్యూటీలోనో, గల్ఫ్‌లోనో ఉంటాడు. మెనూ అంతా ఇంగ్లీషు. ఇక టీచర్ల వైపు చూస్తే రిజిస్టరులో హాజరు వేసి, యాప్‌లో మళ్లీ వేయాలి. రెండుసార్లు రాయించే యాప్‌ని దసరా సెలవుల తర్వాత ఎవరూ నింపరు, అప్పుడు తల్లిదండ్రులకి పాత సమాచారమే కనిపిస్తూ ఉంటుంది. పాత సమాచారం చూపించే యాప్ కంటే అసలు యాప్ లేకపోవడమే నయం.

డెమోకి వచ్చినవాళ్లని అడగాల్సినవి ఇవీ: నోటిఫికేషన్ చదవకపోతే దానంతటదే ఎస్సెమ్మెస్ వెళ్తుందా? ఒక పిల్లాడికి రెండు నంబర్లు, వీలైతే మూడు పెట్టుకోవచ్చా? తెలుగులో మెనూ ఉందా, చూపించండి. హాజరు వేయడానికి నలభై మంది క్లాసుకి ఎన్ని నొక్కులు? తల్లిదండ్రుల తెర మీద ప్రకటనలు వస్తాయా? జవాబు తెలియకుండా సంతకం పెట్టకండి.

నెల రోజులు ఉచితంగా వాడి చూడమంటారు. ఆ ప్రయోగానికి బడులు మామూలుగా ఇంగ్లీషు బాగా వచ్చిన తల్లిదండ్రులున్న సెక్షన్‌ని ఎంచుకుంటాయి, బ్రహ్మాండంగా ఉందని నివేదిక వస్తుంది. మీరు తిరగేయండి. కాగితం సర్వేలో బటన్ ఫోన్లూ పాత ఫోన్లూ ఎక్కువ తేలిన సెక్షన్‌కి ఇచ్చి చూడండి. అక్కడ నిలిస్తే అంతటా నిలుస్తుంది.

చట్టం సంగతి కూడా ఒకటుంది. 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం లెక్కలో 18 ఏళ్లు నిండనివాళ్లంతా పిల్లలే, వాళ్ల సమాచారం వాడాలంటే తల్లిదండ్రుల సమ్మతి నిర్ధారణగా ఉండాలి. నియమాలు 2025 నవంబరులో వచ్చాయి, ముఖ్యమైన బాధ్యతలకి 18 నెలల గడువిచ్చారు. బడులకి చదువు, భద్రత పనుల మేరకు కొంత మినహాయింపు ఉంది, అంతవరకే. కాబట్టి అడ్మిషన్ ఫారంలోనే ఫొటోలకి ఒక గడి, యాప్‌కి ఒక గడి విడివిడిగా పెట్టి టిక్కు చేయించడం ఇప్పుడే అలవాటు చేసుకోవచ్చు. వార్షికోత్సవం ఫొటోకి ఒప్పుకున్న తల్లి యాప్ కంపెనీకి ఆధార్ నంబరు ఇవ్వడానికి ఒప్పుకున్నట్టు కాదు.

ఉచిత యాప్‌లు, క్లుప్తంగా

గూగుల్ క్లాస్‌రూమ్ హోంవర్కు ఇచ్చిపుచ్చుకోడానికి, అంటే టీచర్‌కీ విద్యార్థికీ మధ్య బాగుంటుంది. తల్లిదండ్రులకి అది పంపే సారాంశం ఈమెయిల్‌లో వస్తుంది, అదీ బడి విద్యాసంస్థల ఖాతా తీసుకుంటేనే. మన ఇళ్లలో ఈమెయిల్ తెరిచేది ఎవరు? టెలిగ్రామ్ ఛానల్‌లో నంబర్లు కనిపించవు, 2 జీబీ దాకా ఫైలు పంపొచ్చు, కాబట్టి పదో తరగతి నోట్సులకి పనికొస్తుంది, అమ్మలకి కబురుకి కాదు. క్లాస్‌డోజోలో టీచర్ నంబరు బయటపడదు, ఫలానా వేళ తర్వాత మెసేజ్‌ల నోటిఫికేషన్లు ఆపే వీలుంది, తల్లిదండ్రుల భాషలోకి అనువదించి చూపిస్తుంది. నాలుగు రాష్ట్రాల పిల్లలుండే నేవీ ఏరియా ప్రైమరీ బడికి ఆలోచించదగ్గదే. అందులో ప్రవర్తనకి పాయింట్లు వేసి తెర మీద చూపించే పద్ధతి మాత్రం నాకు నచ్చదు, దాన్ని కట్టేసి వాడుకోవచ్చు.

ప్రభుత్వ, జీవీఎంసీ బడులకి

ఇక్కడ కొనేదేమీ లేదు, కొనకూడదు కూడా. టీచర్లకి విద్యాశాఖ ఇచ్చిన లీప్ యాప్ ఎలాగూ ఉంది, ఇంకోటి పెడితే పాఠం చెప్పేదెప్పుడు? అడ్మిన్లు మాత్రమే రాసే వాట్సాప్ గ్రూపు, వారానికోసారి వాయిస్ మెసేజ్, బటన్ ఫోను ఇళ్లకి ఫోన్ కాల్. ఇంతే. హాల్ టికెట్లు, పరీక్షా ఫలితాలు ప్రభుత్వ ‘మన మిత్ర’ వాట్సాప్ నంబరు 95523 00009కి హాయ్ అని పెట్టి తీసుకోవచ్చని పదో తరగతి తల్లిదండ్రులకి చెప్పండి, నెట్ సెంటర్ ఖర్చు తప్పుతుంది.

ఒక్క విషయంలో మాత్రం తల్లులు గట్టిగా ఉండాలి. చదువుకునే పిల్లల తల్లులకి ప్రభుత్వం డబ్బిచ్చే ‘తల్లికి వందనం’ పథకానికి 75 శాతం హాజరు నిబంధన ఉంది కాబట్టి హాజరు తప్పుగా పడితే నష్టం డబ్బు రూపంలో వస్తుంది. నెలకోసారి టీచర్‌ని ‘మా వాడి హాజరెంత పడింది మేడమ్’ అని అడగడంలో తప్పులేదు. 2024 డిసెంబరు 7న మొదలైన మెగా పేరెంట్స్ మీటింగులు వస్తూనే ఉన్నాయి గానీ అంతమంది మధ్య మీ పిల్లాడి లెక్కల సంగతి మాట్లాడే తీరిక దొరకదు. ఆ రోజు పలకరించి, విడిగా ఎప్పుడు రమ్మంటారో అడిగి రావడం మంచిది.

డైరీ

చార్జింగ్ అక్కర్లేదు, పాస్‌వర్డ్ మర్చిపోరు, పిల్లాడి బ్యాగులోనే ఉంటుంది. అయిదో తరగతి లోపు హోంవర్కుకి నా ఓటు ఇప్పటికీ దీనికే, ఎందుకంటే రాసుకోవడం పిల్లాడి పని అవుతుంది. హోంవర్కంతా వాట్సాప్‌లో పెట్టే బడుల్లో పిల్లలు బోర్డు చూసి రాసుకోవడం మానేస్తారు, సాయంత్రం అమ్మ ఫోను కోసం ఎదురుచూస్తారు, ఫోను చేతికొచ్చాక హోంవర్కుతో ఆగరు. ఫిర్యాదుకి మాత్రం డైరీ వద్దు. పిల్లాడే మోసుకెళ్లే తగవు కాగితం ఇల్లు చేరదు.

అయితే ఏది?

మూడు నాలుగొందల మంది పిల్లలున్న కంచరపాలెం, గోపాలపట్నం చిన్న ప్రైవేటు బడికి: ల్యాండ్‌లైన్ మీద వాట్సాప్ బిజినెస్, దాని కింద ప్రకటనల కమ్యూనిటీ, అత్యవసరానికి ఎస్సెమ్మెస్. యాప్ డబ్బుతో ఇంకో ఆయమ్మని పెట్టుకోవచ్చు. బస్సులు నడిపే పెద్ద సీబీఎస్ఈ బడికి యాప్ తప్పదు, దానికి తోడు ఎస్సెమ్మెస్ ఉండాలి, క్లాసు వాట్సాప్ గ్రూపులు అధికారికంగా మూసేయాలి. మూయకపోతే టీచర్లు రెండు చోట్లా రాస్తూ ఉంటారు. తల్లిదండ్రులు విడిగా గ్రూపు పెట్టుకుంటే పెట్టుకోనివ్వండి, టీచర్ అందులో ఉండకూడదు, అంతే.

బడి ఇప్పటికే ఏదో ఎంచేసుకుని ఉంటే తల్లిదండ్రులు అడగగలిగినవీ ఉన్నాయి. రెండో నంబరు చేర్చమనండి, అది పగలు ఇంట్లో ఉండేవాళ్లది కావాలి. మీ ఫోనులో బడి యాప్‌ని బ్యాటరీ ఆదా జాబితా నుంచి తప్పించండి. అర్థం కాని నోటీసుకి తెలుగు ప్రతి అడగండి.

కరస్పాండెంట్లకి చివరిగా ఒకటి. యాప్ ఒప్పందం ఏడాదికే రాసుకోండి. మార్చి పరీక్షలయ్యాక హాజరు, మార్కులు, ఫీజు వివరాలన్నీ ఎక్సెల్ ఫైలుగా ఆఫీసు కంప్యూటరులో దింపుకున్నాకే కొత్త సంవత్సరం డబ్బు కట్టండి. ఫైలు ఇవ్వడానికి విడిగా రుసుము అంటే, ఆ మాట సంతకానికి ముందే కాగితం మీదికి రావాలి.